తల్లిని చూసి పిల్లను



"తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను" అనే సామెత ఎరుగనివారు మీలో ఉండరు. సంతలో గేదెను బేరమాడే రైతు దాని కొమ్ములూ పొదుగూ చూసి ఊరకుండడు. దీని తల్లి పూటకు ఎన్ని లీటర్లు ఇచ్చింది, ఏ దున్నకు కట్టించారు, ఇది ఎన్నో ఈత అని అడుగుతాడు. అమ్మేవాడు నీళ్లు నమిలితే కండువా దులుపుకొని లేచిపోతాడు. ఇంత జాగ్రత్త గల మనమే కుక్కపిల్లను తెచ్చుకొనేటప్పుడు మాత్రము దాని ముద్దుమొగము చూసి, ఒడిలోకి ఎత్తుకొని ఇంటికి వచ్చేస్తాము. తల్లి ఎవరో, తండ్రి ఎవరో అడగనే అడగము.

కుటుంబ పత్రికలో కుక్కపిల్ల గొడవ ఎందుకని కొందరికి తోచవచ్చును. దాని మూలముగా మా సొంత కుటుంబములో ఒక పిల్లవాని కన్నీళ్లు చూచినాము గనుక వ్రాస్తున్నాము.

రూబీ కథ

మా తమ్ముడు ఇంగ్లాండు ఉత్తర ప్రాంతములో ఒక పల్లెటూరిలో కాపురముంటున్నాడు. భార్యాభర్తలిద్దరూ నర్సులు. వారి పొరుగున ఉన్న ముసలి రైతు వేట దినములలో తన స్పానియల్ కుక్కలను వెంటబెట్టుకొని పొలాలకు వెళ్లేవాడు. మా తమ్ముని కుమారుడు ఆయన వెంట తిరిగి తిరిగి, ఆ కుక్కల పని చూసి, తనకూ అటువంటిది కావాలని పట్టుబట్టాడు.

ఆ పని నిజముగా చూడదగినదే. స్పానియల్ యజమానికి ముందు, తుపాకీ అందే దూరము దాటకుండ, కుడికీ ఎడమకూ తిరుగుతూ ముళ్లపొదలలో దూరి, దాగిన పక్షిని లేపుతుంది. పక్షి ఎగిరిన క్షణమే తాను ఉన్నచోట కూర్చుండవలెను. పక్షి నేలపడిన తరువాత, యజమాని చెప్పినప్పుడే వెళ్లి, పంటిగాటు పడకుండ నోట కరచుకొని తెచ్చి చేతిలో పెట్టవలెను. వీటిలో చిన్నది కాకర్; వుడ్‌కాక్ అనే పక్షిని లేపే పని వలన దానికి ఆ పేరు వచ్చింది. కొంచెము పెద్దది స్ప్రింగర్. ఇవి అందము కొరకు గాక పని కొరకు తరతరాలుగా ఎంచి పెంచిన కుక్కలు.

2020లో కరోనా వలన అందరూ ఇండ్లలో ఉండిపోయిన కాలములో ఆ దేశమున కుక్కపిల్లలకు గిరాకీ పెరిగింది, ధరలూ పెరిగాయి. ఆ సెప్టెంబరులో మా తమ్ముడు ఫోనులో ఒక ప్రకటన చూసి, వీడియోలోనే పిల్లను ఎంచుకున్నాడు. "తల్లికి ఒంట్లో బాగోలేదు, చూపించలేము" అన్నారట అమ్మినవారు. ఒక పెట్రోలు బంకు దగ్గర డబ్బు పుచ్చుకొని పిల్లను చేతికిచ్చారు. పిల్లతోపాటు వంశపు రిజిస్ట్రేషను కాగితమూ, పశువైద్యుడు చూశాడన్న చీటీ ఇచ్చారు. ఇంకేమి కావాలనుకున్నారు మనవాళ్లు. దానికి రూబీ అని పేరు పెట్టారు.

నాలుగేండ్లు రూబీ ఆ ఇంటికి వెలుగు. తరువాత 2024 శీతాకాలము వచ్చేసరికి సాయంకాలము మెట్ల దగ్గర ఆగిపోవడము మొదలుపెట్టింది. పొద నీడలోకి వెళ్లమంటే వెళ్లదు. విసిరిన బంతి పక్కనే పడినా వెదుకుతుంది. పశువైద్యుడు కంటి నిపుణుని వద్దకు పంపాడు. కంటి వెనుక పొర క్రమముగా క్షీణించే జబ్బు అని ఆయన తేల్చాడు. ముందు రేచీకటి, తరువాత పూర్తి గుడ్డితనము. మందు లేదు.

2025 మే నెలలో మేము ఆ ఇంటికి వెళ్లినప్పుడు ఆ పిల్లవాడు మాతో ఒంటరిగా చెప్పిన మాట ఇది: "పెదనాన్నా, నా మాట వినడంలేదనుకొని రెండు నెలలు దాన్ని కసిరాను. దానికి కనబడటంలేదని నాకు తెలియదు." కొంతసేపటికి మరల అడిగాడు: "ఇది ఎవరి తప్పు?"

పుట్టుగుడ్డివానిని చూసి ఎవరు పాపము చేశారని అడిగినవారిని సువార్తలో చదివినవారమే అయినను, ఆ పిల్లవానికి వెంటనే జవాబు చెప్పలేకపోయినాము. మేము వైద్యులము కాము. మాకున్నది వేదాంత డిప్లొమా మాత్రమే. అయితే ఆ వారము ఆ కంటి నిపుణుని కాగితాలు చదివి, తెలిసినవారిని అడిగి, నేర్చుకున్నది మీకు చెప్పుచున్నాము.

పైకి కనబడనిది

కుక్కకైనా మనిషికైనా దాదాపు ప్రతి జన్యువు రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి తల్లి ఇచ్చినది, ఒకటి తండ్రి ఇచ్చినది. రూబీ జబ్బు వంటి వాటిలో ఒక ప్రతి చెడినదైనా రెండవది బాగున్న యెడల కుక్కకు ఏమీ కాదు. అది పరుగెత్తుతుంది, వేటాడుతుంది, బహుమతులు గెలుస్తుంది, ముసలిదై చనిపోయేవరకు చూపు తగ్గదు. కాని ఆ చెడిన ప్రతిని లోపల మోస్తూనే ఉంటుంది. దానిని అక్కడ క్యారియర్ అంటారు. అటువంటి మోసే కుక్కలు రెండింటిని జతపరచిన యెడల పుట్టే ప్రతి పిల్లకూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశము, నాలుగింట రెండు వంతులు తల్లిదండ్రులవలె మోసే అవకాశము, నాలుగింట ఒక వంతు పూర్తిగా బాగుండే అవకాశము ఉంటుంది. ఇది బొమ్మా బొరుసా వేసినట్లే. ఒక ఈతలో ఆరు పిల్లలుంటే ఒక్కదానికీ రాకపోవచ్చు, మూడింటికి రావచ్చు.

రూబీకి జబ్బు వచ్చిందంటే దాని తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ చెడిన ప్రతిని కలిగినవారే. వారిద్దరి కళ్లు ఆనాడు బాగానే ఉండి యుండవచ్చు. వీడియోలో ఎంత పరీక్షగా చూసినా మా తమ్మునికి తెలిసేది కాదు. అయితే తెలిసే దారి లేకపోలేదు. ఈ జబ్బుకు కారణమైన మార్పును 2006లో పరిశోధకులు గుర్తించారు. కుక్క బుగ్గ లోపల మెత్తని పుల్లతో రుద్ది ప్రయోగశాలకు పంపితే చాలు. 'బాగున్నది', 'మోస్తున్నది', 'జబ్బు గలది' అని మూడింటిలో ఒక జవాబు వస్తుంది. రూబీ పుట్టేనాటికే ఆ పరీక్ష ఎన్నో ఏండ్లుగా అందుబాటులో ఉన్నది. అమ్మినవారు చేయించలేదు. కొన్నవారు అడగలేదు.

మరి ఆ రిజిస్ట్రేషను కాగితము మాటేమిటి? అది విత్తనపు సంచి మీద వ్రాసిన రకము పేరు వంటిది. ఏ వంశమో చెబుతుంది గాని మొలక శాతము చెప్పదు. పశువైద్యుని చీటీ కూడ అంతే. ఆయన గుండె విన్నాడు, పొట్ట తడిమాడు, పళ్లు చూశాడు. ఎనిమిది వారముల పిల్లలో నాలుగేండ్ల తరువాత రానున్న చీకటి ఆయనకు ఎట్లు కనబడును?

ఏ పరీక్షలు?

కాకర్‌కు కంటి జబ్బుతోపాటు మూత్రపిండాల జబ్బు ఒకటి ఉన్నది. అది వచ్చిన పిల్ల చాలావరకు రెండేండ్లు నిండకముందే చనిపోతుంది. దానికీ బుగ్గ పరీక్ష ఉన్నది.

స్ప్రింగర్ జాబితా వేరు. ఒక జబ్బులో కుక్క ఒకటి రెండేండ్లు చక్కగా పెరిగి, తరువాత నేర్చుకున్న పని మరచిపోవడము మొదలుపెడుతుంది. నడక తడబడుతుంది, యజమానిని కూడ ఎరుగని స్థితి వస్తుంది. మరొక దానిలో గట్టిగా పరుగెత్తి రొప్పిన తరువాత ఎర్ర రక్తకణములు పగిలి మూత్రము నల్లబడుతుంది. పని చేసే కుక్కకు ఇది ఎంత కీడో చెప్పనక్కరలేదు. ఇంకొక జబ్బులో పాదములకు నొప్పి తెలియదు. పిల్ల తన కాలివేళ్లను తానే కొరికివేసుకుంటుంది. డిచ్‌పల్లి వంటి ఆసుపత్రులలో కుష్ఠు రోగులను చూచినవారికి, నొప్పి తెలియకపోవడము ఎంత శాపమో వేరుగా చెప్పవలెనా? ఈ మూడింటికీ జన్యు పరీక్షలు ఉన్నవి.

బుగ్గ పరీక్షతో తేలనివి కూడ ఉన్నవి. తుంటి కీలు సరిగా అమరకపోవడము అనేక జన్యువుల వలన, పెంపకము వలన కూడ వచ్చేది. దానికి బ్రిటనులో పశువైద్యుల సంఘమూ కెన్నెల్ క్లబ్బూ కలిసి ఒక ఏర్పాటు చేశారు. కుక్కకు ఏడాది నిండిన తరువాత తుంటికి ఎక్స్‌రే తీసి నిపుణులకు పంపుతారు. వారు ఒక్కొక్క తుంటికి 0 నుండి 53 వరకు, రెండింటికి కలిపి 106 వరకు అంకె వేస్తారు. మన బడి మార్కులవలె గాక ఇక్కడ అంకె తగ్గేకొద్దీ మేలు. కళ్లను కూడ నిపుణుడు ఏటేటా చూడవలెను. ఒకసారి చూపించి ఊరకుంటే తరువాత వచ్చే జబ్బు తెలియదు. కంటిలోని నీరు బయటికి పోయే దారి ఇరుకుగా ఉన్నదేమో చూసే పరీక్ష వేరు. ఆ దారి మూసుకుపోతే కంటిలో ఒత్తిడి పెరిగి, భరించలేని నొప్పితో చూపు పోతుంది.

బల్ల మీద పరచిన కాగితములు

రూబీకి తోడుగా మరొక పిల్లను తేవాలని మా తమ్ముడు అనుకున్నాడు. ఈసారి పొరుగు రైతే ఒక పెద్దావిడ పేరు చెప్పాడు. మేమూ వెంట వెళ్లాము. ఆవిడ పొలములోని ఇంటిలో, వంటగదిలోనే తల్లి కుక్క పిల్లలకు పాలిస్తూ పడుకొని ఉన్నది. మేము కూర్చుండక మునుపే ఆవిడ మమ్మును ప్రశ్నించింది. ఇంట్లో పగలు ఎవరుంటారు? దీనిని నడిపించేది ఎవరు? పని నేర్పుతారా, సోఫా మీద కూర్చోబెడతారా? మన ఇంటి ఆడపిల్లను ఇచ్చేటప్పుడు మనము అడిగినట్లే అడిగింది.

ఆ తరువాత కాగితములు బల్ల మీద పరచింది. తల్లివి ఒక ప్రక్క, తండ్రివి ఒక ప్రక్క. కంటి పరీక్ష ఆ ఏడాదిదే. తుంటి అంకెలు చిన్నవే. అప్పుడు ఆవిడ ఒక కాగితము మీద వేలు పెట్టి, మేము అడగకుండనే చెప్పింది: "తండ్రి కుక్క మూత్రపిండాల జబ్బును మోస్తున్నది. తల్లి బాగున్నది. కాబట్టి ఈ పిల్లలలో ఒక్కదానికీ ఆ జబ్బు రాదు. కాని ప్రతి పిల్లకూ సగము అవకాశము, అది కూడ మోసేదై యుండును. మీరు దీనిచేత పిల్లలు పెట్టించదలచితే ముందు పరీక్ష చేయించండి, జతను చూసుకోండి."

మా తమ్ముని కుమారుడు ఊరుకోలేదు. "మోసే కుక్కను ఎందుకు ఎంచుకున్నారు?" అని అడిగాడు. ఆవిడ నొచ్చుకోలేదు. ఆ మగకుక్క ముక్కు చురుకుదనము, నెమ్మదైన గుణము, తుంటి గట్టిదనము చెప్పింది. "మోసే ప్రతిదానినీ పారవేస్తే మంచివి ఎన్నో పోతాయి. మిగిలిన కొద్దివాటిలోనే మరల మరల జతపరచవలసి వస్తుంది. అప్పుడు మనకింకా పేరు తెలియని జబ్బు పైకి వస్తుంది. మోయడము తప్పు కాదు బాబూ. తెలిసి దాచడము తప్పు, తెలుసుకోకుండ జతపరచడము తప్పు."

ఎవరి తప్పు అని ఆ పిల్లవాడు మమ్మును అడిగిన ప్రశ్నకు జవాబు ఆ వంటగదిలో దొరికినది. రూబీది తప్పు కాదు, దాని తల్లిదండ్రులదీ కాదు. ఆ కుక్కపిల్ల ధరతో పోలిస్తే బుగ్గ పరీక్ష ఖర్చు ఎంత? ఆ కొద్దిపాటి ఖర్చూ ఒక ప్రశ్నా లేకపోయినందున ఒక కుక్క చూపు పోయింది.

దగ్గరి సంబంధములు

ఆవిడ చెప్పిన ఆ ఇరుకుదనము ఊహించినది కాదు. వంశపు కుక్కలన్నీ కొద్ది పూర్వీకుల నుండి వచ్చినవే. పేరుపడ్డ మగకుక్క ఒకటి ఉంటే అందరూ దానినే వాడతారు. రెండు మూడు తరములకు దాని మనుమలు, మనుమరాండ్రే ఒకరికొకరు జతలౌతారు. తండ్రిని కూతురితో, తల్లిని కొడుకుతో, అన్నను చెల్లెలితో జతపరచగా పుట్టిన పిల్లలను బ్రిటను కెన్నెల్ క్లబ్బు 2009 నుండి రిజిస్టరు చేయడము మానివేసింది.

ఇది చదివినప్పుడు మా మనసు మన ఊళ్లకు వచ్చింది. మనుషులకూ కుక్కలకూ ఒకే కొలత పెట్టడము మా ఉద్దేశము కాదు. కాని జన్యువుల లెక్క ఇద్దరికీ ఒకటే. రూబీ కంటి జబ్బుకు కారణమైన మార్పే, అక్షరము తప్పకుండ, రేచీకటితో చూపు పోగొట్టుకున్న మనిషిలోనూ ఉన్నట్లు 2006 నాటి ఆ పరిశోధనే చూపించింది. మేనమామ కూతురు, మేనత్త కొడుకు ఒకే తాతమ్మల రక్తము పంచుకున్నవారు గనుక ఒకే చెడిన ప్రతిని ఇద్దరూ మోసే అవకాశము బయటివారికంటె ఎక్కువ. అన్ని మేనరికములలోను బిడ్డలకు జబ్బు రాదు. చాలామంది బిడ్డలు చక్కగానే ఉన్నారు.

అయినను ఒక మాట ఒప్పుకొనవలెను. కొన్నేండ్ల క్రితము మేమే ఒక మేనరికపు జంటకు వివాహము జరిపించితిమి. బంగారము, భోజనాలు, ముహూర్తపు గంట, అన్నీ విచారించితిమి. రెండు ఇండ్లలోను మునుపు ఎవరికైనా చిన్నతనములో చూపు తగ్గినదా అని అడగలేదు. వారి పెద్ద బిడ్డకు ఇప్పుడు సంధ్య వేళ దారి కనబడదు. వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న "మేనరికమా?" అన్నదే. ఆనాడు మేము అడిగి, వైద్యుని వద్దకు పంపియుంటే ఆ తల్లిదండ్రులు తెలిసి నిర్ణయించుకొనియుండెడివారు. అందుచేత ఇప్పుడు పెండ్లి మాటకు వచ్చినవారిని నెమ్మదిగా అడుగుచున్నాము. తలసీమియా, సికిల్ సెల్ వంటి వాటికి రక్తపరీక్షలు ఉన్నవని చెప్పుచున్నాము. కొందరు ముఖము ముడుచుకుంటారు. ముడుచుకోనిండి.

అడగవలసినవి

మీ పిల్లలు విదేశములలో ఉండి స్పానియల్‌ను తెచ్చుకోదలచితే ఈ మాటలు వారికి వ్రాయండి. మన నగరములలో కూడ కాకర్ పిల్లలను కాగితాలతో అమ్ముచున్నారు. అక్కడా ఇవే అడగవచ్చును.

1. పుట్టినచోటనే, తల్లితో కూడ ఉన్నప్పుడు పిల్లను చూడండి. ఆరు నెలలలోపు పిల్లలను దళారులు అమ్మకూడదనీ, పెంచినవారే తల్లితో కూడ చూపించి అమ్మవలెననీ ఇంగ్లాండులో 2020 ఏప్రిల్ 6 నుండి చట్టమున్నది. పిల్లల ఫారము నుండి 2013లో విడిపించబడిన లూసీ అనే చిన్న స్పానియల్ పేరున దానిని లూసీ చట్టమంటారు. మా తమ్ముడు రూబీని కొన్నది ఆ చట్టము వచ్చిన అయిదు నెలలకే. ఆయనకు తెలియలేదు.

2. తల్లిదండ్రులిద్దరి పరీక్ష కాగితములు అడగండి. ఒక్కరివి చాలవు. కాగితము మీది పేరు, చిప్ నంబరు ఆ కుక్కవేనా చూడండి. బ్రిటనులో కెన్నెల్ క్లబ్బు వద్ద ఫలితములను ఎవరైనా సరిచూసుకొనవచ్చును.

3. ప్రతి జబ్బుకు ఇద్దరిలో ఒక్కరైనా 'బాగున్నది' అయి యుండవలెను. మోసేవి రెండూ కలిసిన ఈతలో పిల్లను తీసుకోవద్దు.

4. కాకర్ జాబితాతో స్ప్రింగర్‌ను కొనవద్దు. ఏ జాతికి ఏ పరీక్షలో ముందుగా తెలుసుకోండి.

5. అన్నిటికీ పరీక్ష లేదు. మూర్ఛలు వచ్చినవా, చెవుల బాధ ఉన్నదా, కోపము ఎక్కువా అని నోరు తెరచి అడగండి. అవ్వతాతలు ఎన్నేండ్లు బ్రతికినవో అడగండి.

6. ఎనిమిది వారములు నిండని పిల్లను తేవద్దు. జబ్బు బయటపడితే ఏమి చేస్తారో వ్రాతపూర్వకముగా తీసుకోండి.

అడగడము అవతలివారిని అవమానించడము కాదు. మంచివారు అడిగినందుకు సంతోషిస్తారు. ఆ పెద్దావిడ మమ్మును అడిగిన ప్రశ్నలే మేము అడిగినవాటికంటె ఎక్కువ.

రూబీ సంగతి చెప్పి ముగించుచున్నాము. చూపు పోయినా దాని ముక్కు పోలేదు. గడ్డిలో దాచిన బంతిని ఇప్పటికీ వెదికి తెస్తుంది. కొత్తపిల్ల మెడకు మా తమ్ముని కుమారుడు చిన్న గంట కట్టాడు. ఆ గంట మ్రోగిన వైపు రూబీ నడుస్తుంది. మొన్న ఫోనులో ఆ గంట చప్పుడు మాకు కూడ వినిపించాడు. "ఇప్పుడు దాన్ని కసరడంలేదు పెదనాన్నా" అన్నాడు.

వచ్చే నెల మరల కలుసుకొందము.